మూడు బడులు, ఒక ఆర్‌వో ప్లాంటు, 60 లక్షల మీద వడ్డీ: 2025–26 పని డైరీ

ఏప్రిల్ 2025, మొదటి వారం

కుటుంబ ట్రస్టు మూలధనం 60 లక్షల రూపాయలు. అంతా బ్యాంకు డిపాజిట్లలో ఉంది, మూడు నెలలకోసారి వడ్డీ వస్తుంది. 7 శాతం లెక్కన ఏడాదికి 4,20,000. అందులో పది శాతం, అంటే 42,000, బ్యాంకు ముందే పన్ను కింద కోస్తుంది. ట్రస్టుకు 12ఎ రిజిస్ట్రేషన్ (ధర్మ ట్రస్టులకు ఆదాయపు పన్ను మినహాయింపు ఇచ్చే నమోదు) ఉన్నా ఈ కోత తప్పదు. కోత వద్దనుకుంటే ఆదాయపు పన్ను శాఖ నుంచి ముందుగా సర్టిఫికెట్ తెచ్చుకోవాలి. మేం తెచ్చుకోలేదు. ఆ డబ్బు ట్రస్టుల పన్ను రిటర్ను, ఐటీఆర్-7, వేశాకే వాపసు వస్తుంది. అంటే ఈ ఏడు చేతికొచ్చేది 3,78,000.

వచ్చిన ఆదాయంలో 85 శాతం, మన లెక్కలో 3,57,000, మార్చి 31లోపు ధర్మకార్యానికే ఖర్చు కావాలి. వాపసు రావాల్సిన పన్ను ఖర్చు కింద లెక్కకు రాదు. కాబట్టి చేతిలో ఉన్న 3,78,000లోనే 3,57,000 ఖర్చు పెట్టాలి. వెసులుబాటు 21,000 మాత్రమే. కొత్తగా ట్రస్టు పెట్టేవాళ్లు డిపాజిట్ కాగితం మీదున్న వడ్డీ అంతా చేతికొస్తుందనుకుని జూన్‌లోనే మాట ఇచ్చేస్తారు, తర్వాత ఇబ్బంది పడతారు.

కుటుంబంలో అమెరికా పౌరసత్వం తీసుకున్నవాళ్లు ఇస్తామన్న డబ్బు ఈ ఏడు కూడా తీసుకోవడం లేదు. భారత పాస్‌పోర్టుతో విదేశంలో ఉంటున్నవారు తమ సొంత సంపాదన నుంచి బ్యాంకు ద్వారా పంపితే అది విదేశీ విరాళం కాదు. పౌరసత్వం మారితే మాత్రం, ఓసీఐ కార్డు (విదేశీ పౌరులైన భారత సంతతివారికి ఇచ్చేది) ఉన్నా, ఇక్కడి ఖాతా నుంచి రూపాయల్లోనే ఇచ్చినా, అది విదేశీ విరాళమే. తీసుకోవాలంటే విదేశీ విరాళాల చట్టం, ఎఫ్‌సీఆర్‌ఏ, కింద రిజిస్ట్రేషన్ కావాలి. దానికి ట్రస్టు పెట్టి మూడేళ్లు నిండాలి, గడిచిన మూడేళ్లలో అసలు పనుల మీద కనీసం 15 లక్షలు ఖర్చయి ఉండాలి, ఢిల్లీలోని స్టేట్ బ్యాంకు ప్రధాన శాఖలో ప్రత్యేక ఖాతా తెరవాలి. ఏడాదికి నాలుగు లక్షలు తిరిగే ట్రస్టుకు అది పెద్ద బరువు. వాళ్లు వచ్చినప్పుడు ఒక పూట బడిలో పాఠం చెప్పి వెళ్లమన్నాం.

ఏప్రిల్, మూడో వారం: ఏది కొనకూడదు

మూడు బడులూ పశ్చిమ ప్రకాశంలో, పొదిలి–కనిగిరి మధ్యన ఉన్నాయి. జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో 268 మంది, ఒక ప్రాథమిక పాఠశాలలో 96 మంది, శివారు పల్లెలోని చిన్న బడిలో 31 మంది పిల్లలు.

హెచ్‌ఎంలతో కూర్చుని మొదట రాసుకున్నది ప్రభుత్వం ఏమిస్తోందన్నది. విద్యార్థి మిత్ర కిట్‌లో పాఠ్యపుస్తకాలు, నోటుపుస్తకాలు, బ్యాగు, యూనిఫాం గుడ్డ, బూట్లు, బెల్టు వస్తాయి. దాతలు ఎక్కువగా కొనేవీ ఇవే. ఉన్న బ్యాగు మీద ఇంకో బ్యాగు ఇస్తే ఆ పిల్లకు ఒరిగేదేమీ లేదు. మధ్యాహ్న భోజనం, ఆయాల జీతం కూడా ప్రభుత్వానివే. తల్లికి వందనం పథకం కింద ఇచ్చే 15,000లో 2,000 పట్టుకునేది బడి, మరుగుదొడ్ల నిర్వహణ కోసమే.

తర్వాత సమగ్ర శిక్ష కింద వచ్చే స్కూలు గ్రాంటు. పిల్లల సంఖ్య 30 దాకా ఉంటే 10,000, 31 నుంచి 100 దాకా 25,000, 101 నుంచి 250 దాకా 50,000, ఆపైన 1,000 దాకా 75,000. మన చిన్న బడిలో ఉన్నది సరిగ్గా 31 మంది. ఒక్క కుటుంబం వలసపోతే గ్రాంటు 25,000 నుంచి 10,000కు పడుతుంది. బడుల వివరాలు నమోదు చేసే ప్రభుత్వ వ్యవస్థ యూడైస్‌లో లెక్కకు తీసుకునేది సెప్టెంబరు 30 నాటి సంఖ్య. ఈ బడికి మనం ఏం చేసినా ముందు ఆ 31 మంది సెప్టెంబరు దాకా నిలవాలి.

గ్రాంటు విడతల్లో వస్తుంది. వచ్చేలోపు పాడైన కుళాయి పాడైనట్టే ఉంటుంది. హెచ్‌ఎంలు ముగ్గురూ చెప్పిన లోటు ఇదే: పెద్ద వస్తువులు ఉన్నాయి, వాటిని నడిపించే చిన్న డబ్బు వేళకు లేదు. అందుకే ఈ ఏడు కొత్త కట్టడం ఏదీ పెట్టుకోలేదు. ఉన్నవి ఆగకుండా నడవాలి, అంతే.

ఏప్రిల్ 22: ఆగిపోయిన ప్లాంటు

హైస్కూలు ఆవరణలో గంటకు 250 లీటర్ల ఆర్‌వో ప్లాంటు ఉంది. కొన్నేళ్ల కింద ఒక దాత పెట్టించారు. రెండేళ్లుగా ఆగి ఉంది. పిల్లలు ఇళ్ల నుంచి సీసాలు తెచ్చుకుంటున్నారు. తెచ్చుకోనివాళ్లు బోరు నీళ్లు తాగుతున్నారు.

ఇక్కడ నీళ్ల సంగతి కొత్తది కాదు. నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువై పళ్లు, ఎముకలు దెబ్బతినే జబ్బు ఫ్లోరోసిస్‌ను దేశంలో మొదటిసారి 1937లో గుర్తించింది ఈ ప్రాంతంలోనే. అప్పుడిది నెల్లూరు జిల్లా కింద ఉండేది. మన బోరు నీళ్లు పరీక్ష చేయిస్తే ఫ్లోరైడ్ లీటరుకు 2.8 మి.గ్రా., నీటిలో కరిగిన లవణాల కొలత, టీడీఎస్, 1,650 వచ్చింది. ప్రమాణం ప్రకారం ఫ్లోరైడ్ 1.0 దాటకూడదు. వేరే నీటి వనరు లేనప్పుడు 1.5 దాకా ఒప్పుకుంటారు.

కాచితే ఫ్లోరైడ్ పోదు. నీళ్లు ఆవిరై ఇంకా చిక్కబడుతుంది. అన్నం, పప్పు ఆ నీళ్లతో ఉడికితే అవే నీళ్లు కంచంలోకి వస్తాయి. కాబట్టి తాగడానికి ఎంత కావాలో లెక్కేసి వదిలేస్తే సగం పనే. వంటశాల కుళాయి కూడా ఆర్‌వో ట్యాంకు నుంచే రావాలి.

ప్లాంటు విప్పి చూస్తే జబ్బు ఒకటి కాదు. నీటిని వడకట్టే పొర, మెంబ్రేన్, మీద తెల్లగా సున్నం పేరుకుంది. స్కేల్ పట్టకుండా పోసే మందు, యాంటీస్కేలెంట్, డబ్బా ఖాళీగా ఎండిపోయి ఉంది. హైప్రెషర్ పంపు సీలు కారుతోంది, వైండింగ్ కాలింది. ఇసుక ఫిల్టర్‌లో వడపోసే సరుకు, మీడియా, గడ్డకట్టింది. ప్రెషర్ గేజీలు రెండూ సున్నా దగ్గరే ఆగిపోయాయి. అంటే ప్లాంటు చెడిపోతున్న రోజుల్లో దాన్ని చూసి చెప్పే సాధనమే లేదు. పెట్టించినవారు మంచి సామానే పెట్టించారు. ఏటా దానికయ్యే ఖర్చు ఎవరిదో మాత్రం ఎక్కడా రాసి లేదు.

కొత్త ప్లాంటు అమ్ముతామని ఒకరు వచ్చారు. వద్దన్నాం. ఎఫ్‌ఆర్‌పీ (ఫైబరు) గొట్టాలు, ఫ్రేము, 500 లీటర్ల స్టీలు ట్యాంకు బాగానే ఉన్నాయి.

మే: అనుమతులు, కొటేషన్లు

స్కూల్ కమిటీ తీర్మానం, హెచ్‌ఎం ఉత్తరం, ఎంఈవో సంతకం, ఈ వరుసలోనే వెళ్లాలి. విద్యాహక్కు చట్టం ప్రకారం కమిటీలో ముప్పాతిక మంది తల్లిదండ్రులే, సగం మంది ఆడవాళ్లు. తీర్మానంలో మూడు మాటలు తప్పకుండా రాయించాం. ప్లాంటు బడిదే, స్టాక్ రిజిస్టర్‌లో బడి పేరునే ఉంటుంది. నడిపే ఖర్చు మూడేళ్లపాటు ట్రస్టుది, కరెంటు బిల్లు బడిది. మూడో ఏడు చివర మళ్లీ కూర్చుని తేల్చుకోవాలి.

గోడ, పైకప్పు, పునాది జోలికి పోతే సమగ్ర శిక్ష ఇంజినీరు అంచనా, అనుమతి కావాలి. మనది మరమ్మతు కాబట్టి ఆ అవసరం రాలేదు.

మూడు కొటేషన్లు తీసుకున్నాం. ఎంచుకున్న దానిలో:

మెంబ్రేన్, 4040 సైజు, ఒకటి: 16,500
హైప్రెషర్ పంపు రీవైండింగ్, సీలు: 4,800
ఇసుక, కార్బన్ మీడియా మార్పు: 6,200
ప్రెషర్ గేజీలు 2, ఫ్లో మీటర్లు 2: 3,900
5 మైక్రాన్ కార్ట్రిడ్జ్‌లు, 20 అంగుళాలవి, 12: 2,160
యాంటీస్కేలెంట్ 5 కిలోలు: 1,300
స్టెబిలైజరు: 9,500
కుళాయిలు 12: 3,240
కూలి, రవాణా: 7,800
మొత్తం 55,400.

స్టెబిలైజరు దండగన్నారు కొందరు. చుట్టుపక్కల వ్యవసాయ మోటార్లు నడిచే వేళ ఇక్కడ వోల్టేజి 170కి పడిపోతోంది. పాత పంపు వైండింగ్ కాలింది అందుకే. అది పెట్టకుండా మోటారు బాగుచేయించడంలో అర్థం లేదు.

బిల్లులన్నీ ట్రస్టు పేరున, పాన్ నంబరుతో తీసుకున్నాం, చెల్లింపులు బ్యాంకు ద్వారానే చేశాం. ఒక మనిషికి ఒక రోజులో పదివేలకు మించి నగదు ఇస్తే ఆ ఖర్చు ట్రస్టు లెక్కలో చెల్లదు.

జూన్ 12–20: బడి తెరిచారు

మొదటి రోజే ప్లాంటు నడిచింది. మెంబ్రేన్ నుంచి వచ్చే నీటి టీడీఎస్ 70, ఫ్లోరైడ్ 0.2. కొత్త మెంబ్రేన్‌లో నిల్వమందు ఉంటుంది కాబట్టి మొదటి గంట నీళ్లు పారబోశాం.

రోజు అవసరం లెక్క ఇది: పిల్లకు తాగడానికి లీటరున్నర, వంటకు ఒక లీటరు. 268 మందికి 670 లీటర్లు, 96 మందికి 240, 31 మందికి 78. మొత్తం 988 లీటర్లు.

మరీ పలచటి నీళ్లు పిల్లలకు రుచించవు, చప్పగా ఉన్నాయంటారు. అందుకే పదో వంతు బోరు నీళ్లు కలిపే వాల్వు ఉంటుంది. పదో వంతు కలిపితే టీడీఎస్ 228, ఫ్లోరైడ్ 0.46. ఇది నిక్షేపంగా హద్దులోనే ఉంది. ఈ లెక్కన మెంబ్రేన్ నుంచి రావలసింది 889 లీటర్లు, మూడున్నర గంటల పని. దానికి బోరు నుంచి 2,222 లీటర్లు పోవాలి, 1,333 లీటర్లు వదులు నీళ్లుగా బయటికొస్తాయి.

వదులు నీళ్లలో టీడీఎస్ 2,700, ఫ్లోరైడ్ 4.5. ఇవి మొక్కలకు, పశువుల తొట్టికి పోకూడదు. వేరే ట్యాంకులోకి తిప్పి మరుగుదొడ్లకు ఇచ్చాం. పైపుకు ఎర్ర రంగు వేసి ‘తాగరాదు’ అని రాయించాం, చదవడం రాని ఒకటో తరగతి పిల్లలకు బొమ్మ కూడా పెట్టాం.

రెండు ప్రాథమిక బడులకు వేరే ప్లాంట్లు వద్దనుకున్నాం. 31 మంది కోసం ఒక ప్లాంటు పెడితే దాని మెంబ్రేన్‌ను కనిపెట్టుకుని ఉండే మనిషి ఉండరు. రోజూ 20 లీటర్ల క్యాన్లు 12 ఒక బడికి, 4 ఇంకో బడికి ఆటోలో వెళ్తాయి. క్యాన్లు 40 కొన్నాం, ఒక్కోటి 220 చొప్పున 8,800. పదహారు క్యాన్లు ఆ రెండు బడుల్లో ఉంటే పదహారు ఇక్కడ నింపి ఉంటాయి, ఎనిమిది పగిలినవాటికి బదులు. ఆటోకు రోజుకు 180, 220 పనిదినాలకు 39,600. క్యాన్లు వారానికోసారి బ్లీచింగ్ నీళ్లతో కడగాలి. ఆ పని ఎండలో ఆరబెట్టడంతోనే పూర్తవుతుంది, కడిగిన వెంటనే మూత పెడితే నాచు పడుతుంది.

నడిపేది హైస్కూలు ఆయమ్మ. ఆమెకు ప్రభుత్వం ఇచ్చిన పని వేరు, ఇది వేరు. అందుకే నెలకు 2,000 అదనంగా, పది నెలలు, కమిటీ తీర్మానంతో ఆమె ఖాతాకే పంపుతున్నాం.

జూన్ చివర: గోడ మీద కాగితం

ప్లాంటు గది గోడకు పెద్ద అక్షరాలతో రాసి అంటించినవి ఇవి. మందు 200 గ్రాములు పది లీటర్ల నీళ్లలో కలిపితే మూడు వారాలొస్తుంది, డబ్బా అడుగు కనపడకముందే కలపాలి. కార్ట్రిడ్జ్ ముందు గేజీకి, వెనక గేజీకి ఒత్తిడి తేడా చదరపు సెంటీమీటరుకు 0.7 కిలోలు దాటితే కార్ట్రిడ్జ్ మార్చాలి, కడిగి పెట్టకూడదు. రోజూ కుళాయి దగ్గర టీడీఎస్ చూసి నోటుపుస్తకంలో రాయాలి. 350 దాటితే నీళ్లు ఆపి హెచ్‌ఎంకు చెప్పాలి.

టీడీఎస్ మీటరు ఫ్లోరైడ్‌ను కొలవదు. ఈ ఒక్క బోరులో మాత్రం రెండూ కలిసే పెరుగుతాయి, తగ్గుతాయి కాబట్టి 350 దగ్గర ఫ్లోరైడ్ 0.66 ఉంటుందని లెక్కకట్టాం. ఇంకో ఊరి బోరుకు ఈ అంకె పనికిరాదు. నెలకోసారి రంగుతో పోల్చే ఫ్లోరైడ్ కిట్‌తో చూస్తున్నాం. కిట్ 3,500.

జూలై 10

మెగా పేరెంట్ టీచర్ మీటింగ్. హైస్కూలులో రెండు గాజు గ్లాసుల్లో బోరు నీళ్లు, ప్లాంటు నీళ్లు పట్టి, కిట్‌లోని మందు చుక్కలు వేసి రంగు తేడా తల్లులకు చూపించాం. ‘ఇంటికి తెచ్చుకోవచ్చా?’ అని అడిగారు. బడి అవసరం తీరాక సాయంత్రం పిల్లకు ఒక లీటరు సీసా చొప్పున నింపుకోవచ్చని కమిటీ అక్కడికక్కడే తీర్మానించింది. ప్లాంటు ఇంకో గంటన్నర నడుస్తుంది, మెంబ్రేన్‌కు ఇబ్బంది లేదు. బోరు తట్టుకుంటుందా అన్నది వేసవిలో చూడాలి.

ప్రాథమిక బడిలో ఈ ఏడు తరగతులు మారాయి, పక్క బడి పిల్లలు కలిశారు. 96 ఇప్పుడు 104. వేసవిలోనే బెంచీలు కొని ఉంటే లెక్క తప్పేది. బెంచీల సంగతి సంక్రాంతి తర్వాతికి వాయిదా వేశాం. పెరిగిన ఎనిమిది మందికి రోజుకో క్యాన్ ఎక్కువ వెళ్తుంది.

జూలై–సెప్టెంబరు: చిల్లర నిధి

ఏడాది మొత్తంలో అన్నిటికన్నా ఎక్కువ పనికొచ్చింది చిల్లర నిధే. ఒక్కో బడికి నెలకు వెయ్యి రూపాయలు, పది నెలలు, మూడు బడులకు 30,000. స్కూల్ కమిటీ ఖాతాకు ఒకటో తారీఖున వెళ్తుంది. హెచ్‌ఎం సొంత ఖాతాకు ఎప్పుడూ పంపం. అది ఆయనకే చిక్కు. వాడటానికి మమ్మల్ని అడగనక్కర్లేదు. వోచర్ల ఫొటో నెలాఖరున వాట్సాప్‌లో, అసలు కాగితాలు మూడు నెలలకోసారి. మిగిలింది పై నెలకు జరుగుతుంది.

మూడు నెలల వోచర్లలో ఉన్నవి: తలుపు గొళ్ళేలు, ఫ్లోట్ వాల్వు, ట్యూబ్‌లైటు చోకు, గడియారానికి సెల్లు, బ్లీచింగ్, ప్రింటరు ఇంకు, వంటశాల కుక్కర్ గాస్కెట్, పిల్ల దెబ్బ తగిలించుకుంటే ఆటో కిరాయి, ఆడపిల్లల గది తలుపుకు లోపలి గడియ. ఆ గడియ 85 రూపాయలు. అది లేక ఎనిమిదో తరగతి అమ్మాయిలు మధ్యాహ్నం దాకా నీళ్లు తాగకుండా ఉంటున్నారని టీచరమ్మ చెప్పారు. 85 రూపాయల పనికి ఎవరి గ్రాంటూ అక్కర్లేదు, అడిగే దారి, ఇచ్చే చెయ్యి దగ్గరుంటే చాలు.

మొదటి నెలలో రెండు బళ్లు పైసా వాడలేదు. ఆడిట్ భయం. ఏది కొనొచ్చో పట్టిక ఇవ్వమన్నారు. పట్టిక ఇస్తే దానిలో లేనిది కొనరు. అందుకే ఏది కొనకూడదో మాత్రం రాసిచ్చాం: భోజనాలు, సన్మానాలు, ఫ్లెక్సీలు, ప్రభుత్వం కిట్‌లో ఇచ్చే వస్తువులు. రెండో నెల నుంచి చేయి ఆడింది.

ఆగస్టు మూడో వారం: టీడీఎస్ 640

నోటుపుస్తకంలో మూడు రోజులు వరుసగా 228, 230, 228 అని ఉంది. నాలుగో రోజు మేం వెళ్లి చూస్తే మీటరు 640 చూపించింది. లెక్కవేస్తే మూడో వంతుకు పైగా పచ్చి బోరు నీళ్లే కలుస్తున్నాయి. ఫ్లోరైడ్ 1.1 దాటి ఉంటుంది.

కలిపే వాల్వు సగం తెరిచి ఉంది. పొద్దున కరెంటు పోయింది, మధ్యాహ్నం వంటకు ట్యాంకు నిండలేదు, వాల్వు తిప్పితే పది నిమిషాల్లో నిండింది. ఆయమ్మ తప్పు కాదిది. వంట ఆగితే మాట పడేది ఆమె. పొద్దున మాత్రమే ప్లాంటు నడపాలని రాసిపెట్టిన మా వేళల్లోనే లోపముంది.

మార్చినవి: సాయంత్రం మూడింటి నుంచి ఐదింటి దాకా నడిపి స్టీలు ట్యాంకు నింపి వెళ్లాలి. పొద్దున మిగిలిన గంటన్నర. అప్పుడు పొద్దున కరెంటు పోయినా వంటకు, మొదటి బెల్లుకు 500 లీటర్లు సిద్ధంగా ఉంటాయి. వాల్వును పదో వంతు దగ్గర ఆపి పిడి ఊడదీసి హెచ్‌ఎం బీరువాలో పెట్టాం. టీడీఎస్ రాసే పని ఆయమ్మ నుంచి తొమ్మిదో తరగతి పిల్లలకు మారింది, వారానికి ఇద్దరు. వాళ్లే మీటరు ముంచి చూసి, సంఖ్య రాసి, భౌతికశాస్త్రం సారుకు చూపిస్తారు. అప్పటి నుంచి అంకెలు 215 నుంచి 245 మధ్య అటూ ఇటూ ఉంటున్నాయి. నిజంగా కొలిచిన అంకెలు అలాగే ఉంటాయి.

సెప్టెంబరు: మరుగుదొడ్లు, కరెంటు

స్వచ్ఛ విద్యాలయ సూచన ప్రకారం 40 మందికి ఒక యూనిట్, అంటే ఒక మరుగుదొడ్డి, మూడు మూత్రశాలలు. 268 మందికి ఏడు యూనిట్లు కావాలి. కట్టడాలు ఉన్నాయి, నడుస్తున్నవి నాలుగే. కారణాలు: కారే పైపులు, విరిగిన కుళాయిలు, తలుపుల అడుగు భాగం తడికి ఉబ్బిపోవడం. 41,000తో ఏడూ నడిచాయి. తలుపులు పీవీసీవి వేశాం.

ఒక తప్పు చేశాం. ఆర్‌వో వదులు నీళ్లను ఫ్లష్ ట్యాంకుల్లోకి కలిపాం. ఆరు వారాల్లో ఫ్లోట్ వాల్వులు సున్నం పట్టి బిగుసుకుపోయాయి. ఇప్పుడు వదులు నీళ్లు విడి కుళాయికి, బకెట్‌కు మాత్రమే. ఫ్లష్ ట్యాంకులకు మామూలు బోరు నీళ్లు.

ఫ్యాన్లు పది, 16,500. వైరింగ్, ఎర్తింగ్ 11,000. ప్లాంటు గదిలో నేల ఎప్పుడూ తడిగా ఉంటుంది కాబట్టి 30 మిల్లీయాంపుల లీకేజి బ్రేకరు తప్పనిసరిగా పెట్టించాం. ప్లాంటు పెట్టే ప్రతి బడిలోనూ ముందు చూడాల్సింది ఎర్తింగే.

ఈ నెల 30లోపు కిందటేడు ఆడిట్ రిపోర్టు. ట్రస్టు ఆదాయం మామూలు పన్ను పరిమితి దాటితే ఆడిట్ తప్పదు. ఆడిటరుకు, ఫైలింగులకు 18,000.

చిన్న బడిలో సెప్టెంబరు 30న 31 మంది ఉన్నారు.

అక్టోబరు: వాలంటీరు, తుఫాను

ప్రాథమిక బడిలో టీచరు ఖాళీ ఉన్నందున జూలై నుంచి నాలుగు నెలలకు ఒక వాలంటీరుకు నెలకు 8,000, మొత్తం 32,000. ఎంపిక చేసింది కమిటీ, ట్రస్టు కాదు. ప్రభుత్వ ఉద్యోగానికి ఇది హక్కు కాదని ఆమెతో ముందే సంతకం చేయించారు. మెగా డీఎస్సీలో ఎంపికైన కొత్త టీచరు దసరా తర్వాత చేరారు. వాలంటీరును నెలాఖరు దాకా ఉంచి, మూడో తరగతిలో చదవడం రాని 11 మంది పేర్లు, ఎవరు ఎక్కడ ఆగుతున్నారో కొత్త టీచరుకు రాసి అప్పగించేలా చూశాం.

28వ తేదీ రాత్రి మొంథా తుఫాను తీరం దాటింది. బళ్లకు సెలవులు. వానల తర్వాత బోరు నీళ్లు మురికిగా వచ్చాయి. వారంలో మూడు కార్ట్రిడ్జ్‌లు పోయాయి. నెలకు ఒకటి లెక్కన కొన్న పన్నెండులో జనవరికే ఆఖరిది పెట్టాల్సి వస్తుంది. ఇసుక ఫిల్టర్‌ను రోజూ పది నిమిషాలు నీళ్లు ఎదురు దిక్కుగా పంపి కడిగితే కార్ట్రిడ్జ్ మీద బరువు తగ్గుతుంది. అది ఆలస్యంగా చేశాం.

నవంబరు–డిసెంబరు: పుస్తకాలు

450 పుస్తకాలు, సగటున 62 రూపాయలు, 27,900. మంచి పుస్తకం, ప్రథమ్ బుక్స్, నేషనల్ బుక్ ట్రస్టు ప్రచురణలు. ప్రథమ్ వాటి మీద ఒకటి నుంచి నాలుగు దాకా స్థాయి ఉంటుంది. ఒకటి, రెండు స్థాయిలవే సగానికి పైగా తీసుకున్నాం. ఐదో తరగతి పిల్లలకు కూడా మొదట అవే కావాలి.

తాళ్లు, క్లిప్పులు, మేకులు 2,400. మూడడుగుల ఎత్తులో తాడు కట్టి పుస్తకాలు వేలాడదీయాలి, అట్ట కనపడాలి. బీరువాలో పెడితే తాళం పడుతుంది. తాళం వేయడానికి కారణం టీచర్ల నిర్లక్ష్యం కాదు. స్టాక్ రిజిస్టర్‌లో ఎక్కిన పుస్తకం పోతే జవాబు చెప్పాల్సింది వాళ్లే. అందుకే ప్లాంటును మన్నిక వస్తువుల రిజిస్టర్‌లో ఎక్కించినట్టు వీటిని ఎక్కించలేదు. వినియోగ వస్తువుల రిజిస్టర్‌లో రాసి, ఏటా వందకు పదిహేను దాకా చిరిగినా పోయినా అడిగేది లేదని కమిటీతో తీర్మానం చేయించాం. ఆ వారం నుంచే పుస్తకాలు ఇళ్లకు వెళ్తున్నాయి.

ఫిబ్రవరి 2026

ఇప్పటిదాకా ఖర్చు 3,06,100. 85 శాతం చేరడానికి ఇంకా 50,900 కావాలి. వాయిదా వేసిన బెంచీల సంగతి ఇప్పుడు తేలింది. 104 మందిలో 28 మంది నేల మీద కూర్చుంటున్నారు. ఇద్దరు కూర్చునే బెంచీలు 14, ఒక్కోటి 3,700, మొత్తం 51,800. ఎత్తు తరగతిని బట్టి రెండు రకాలు చేయించాం. ఒకటో తరగతికి హైస్కూలు బెంచీ ఇస్తే కాళ్లు నేలకందవు, పిల్లలు గంటసేపు వేలాడుతూ కూర్చుంటారు.

మొత్తం ఖర్చు 3,57,900. మిగిలేది 20,100, పన్ను వాపసు 42,000 వస్తే 62,100. ఇది మెంబ్రేన్, పంపు కోసం వేరుగా ఉంచుతున్నాం. మెంబ్రేన్ రెండేళ్లు వస్తే మేలు, మూడేళ్లు వస్తే అదృష్టం.

కార్ట్రిడ్జ్‌లు అయిపోయాయి. మరో ఆరు చిల్లర నిధి మిగులులోంచి హైస్కూలు కమిటీయే కొనుక్కుంది. మాకు ఫొటో మాత్రం పంపారు.

మార్చి చివరి వారం: సెలవులకు ముందు

పాత మెంబ్రేన్ పోవడానికి ఇంకో కారణం వేసవి సెలవులు. ఏడు వారాలు నీళ్లు కదలకుండా ఉంటే లోపల జిగురు పట్టి కంపు కొడుతుంది, ఎండితే పొరలు విడిపోతాయి. ఈసారి ఏప్రిల్‌లో చివరి పనిదినం సాయంత్రం చేయాల్సింది గోడ కాగితానికి చేర్చాం.

ముందు అరగంట మంచి నీళ్లతో మెంబ్రేన్ కడగాలి. ఇరవై లీటర్ల ఆర్‌వో నీళ్లలో 200 గ్రాముల సోడియం మెటాబైసల్ఫైట్ కలపాలి, చేతులకు గ్లౌజులు, కిటికీలు తెరిచి. ఆ ద్రావణం మెంబ్రేన్ నిండా పోయేలా పంపు నడిపి, రెండు వైపులా వాల్వులు మూసేయాలి. నెలకోసారి పాతది తీసి కొత్తది నింపాలి, మే మూడో వారంలో ఒకసారి. గది తాళం చెవి, పొడి పొట్లాలు రెండు ఆయమ్మ దగ్గర. జూన్ 11న మధ్యాహ్నం ద్రావణం వదిలేసి, గంటసేపు వచ్చే నీళ్లు పారబోసి, టీడీఎస్ వంద లోపు ఉంటేనే ట్యాంకుకు కలపాలి.